మెడ బిగువు

ఈ శనివారం ఉదయమంతా గరాజులో నా రైఫిల్‌కు .308 విన్‌చెస్టర్ రకం తూటాలు నింపుకోవడంతో, అంటే కాల్చిన ఖాళీ కేసుల్లో మళ్లీ మందు పోసి బుల్లెట్లు కూర్చుకోవడంతో గడిచింది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటా తయారీకి లైసెన్సు తప్పనిసరి కాగా, ఇక్కడ టెక్సస్‌లో అమ్మకానికి కాక సొంత వాడకానికి నింపుకునేవారికి ఆ అవసరం లేదన్న సంగతిని నాన్నగారికి ఫోనులో ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు నమ్మకం కుదరదు.

ఒకసారి కాల్చిన ఇత్తడి కేసు (మందును పట్టి ఉంచే గొట్టం) తుపాకిలో తూటా కూర్చునే గది, అంటే ఛాంబర్ మేరకు ఉబ్బుతుంది కనుక దాన్ని డై అనే ఉక్కు అచ్చులో నొక్కి మళ్లీ కొలతకు తేవాలి, బుల్లెట్‌ను పట్టుకునే పై భాగం, అంటే మెడ సాగి మొత్తం పొడవు 2.015 అంగుళాలు దాటితే కత్తిరించాలి. ఇవన్నీ మామూలుగానే సాగాయి. బుల్లెట్లు కూర్చేటప్పుడు మాత్రం కొన్ని కేసుల్లో అవి మెత్తగా దిగగా, మరికొన్నింటిలో ప్రెస్ లివర్ అరచేతికి ఎదురుతన్నింది. పదేపదే కాల్చి నొక్కడం వల్ల ఇత్తడి గట్టిపడి, మెడ బుల్లెట్‌ను పట్టే బిగువు ఒక్కో కేసులో ఒక్కో రకంగా మారిందన్నమాట. ఆ గట్టివాటిని వేరే పెట్టెలో పెట్టాను.

తుపాకి మందును గ్రెయిన్‌లో పదో వంతు, అంటే సుమారు ఆరున్నర మిల్లీగ్రాముల వరకు తూచాను. అంతకన్నా సన్నగా తూచాలని త్రాసుల మీద డబ్బు పోసేవారు మెడ సంగతి పట్టించుకోకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

మధ్యాహ్నం రేంజిలో వంద గజాల దగ్గర రెండు పెట్టెల్లోంచీ కొన్ని కాల్చి చూస్తే కాగితం మీద పడిన చిల్లుల గుంపుల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మాత్రం గట్టి మెడలవాటి వేగాలు బాగా చెదిరిపోయాయని చూపింది. సెకనుకు ముప్పై అడుగుల తేడా వంద గజాల దగ్గర కంటికి ఆనదు గాని, ఆరు వందల గజాలకు వెళ్లేసరికి బుల్లెట్‌ను సుమారు మూడంగుళాలు పైకో కిందికో జరుపుతుంది. మూడేసి గుళ్ల చిన్న గుంపును చూసి మురిసిపోయేవారికి ఈ లెక్క ఎన్నడూ కనబడదు, ఎందుకంటే మూడు గుళ్లు దగ్గరగా పడటానికి అదృష్టం ఒక్కటే చాలు.

వచ్చే వారం ఆ గట్టి కేసులను ఖాళీ చేసి, మెడలను మంట మీద కాచి మెత్తబరచాలి. ఒత్తిడినంతా ఓర్చుకోవలసిన అడుగు భాగం మెత్తబడితే ప్రమాదం కాబట్టి, అక్కడికి వేడి పాకకుండా ఒక్కొక్కదాన్నీ కొద్ది సెకన్లకే మంట నుంచి తీసేయాలి.