ఒకే ప్రశ్న మూడుసార్లు

మోకాలి శస్త్రచికిత్స కోసం నాన్నగారిని తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో చేర్పించినప్పుడు, పేరేమిటి, ఏ కాలికి ఆపరేషన్, ఏ మందు పడదు అని వార్డులో ఒకసారి, థియేటర్ గుమ్మం దగ్గర మరోసారి, మత్తు ఇచ్చే ముందు ఇంకోసారి అడిగారట. కేసు షీటులో ఉన్నదే మళ్లీ అడగడమేమిటని నేను విసుక్కున్నాను. నాన్నగారు మాత్రం, బడిలో ముప్పై ఏళ్లు హాజరు పిలిచిన అలవాటు కాబోలు, ఓపికగా జవాబిచ్చారు.

ఆ ప్రశ్నల వెనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన 19 అంశాల తనిఖీ పట్టిక ఉందని తర్వాత చదివాను. న్యూఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దానిని అమలు చేసి చూడగా, శస్త్రచికిత్స తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్లు 2009లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. కాగితం చూసి పైకి చదివి సరిచూసుకోవడంతో ఇంత తేడా రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

డిశ్చార్జి రోజున నర్సు గారు మళ్లీ పేరడిగితే, నాన్నగారికంటే ముందు నేనే చెప్పేశాను.