సలేశ్వరం దారిలో మా ఆవిడ పేరు

2025 చైత్ర పౌర్ణమికి నేను నల్లమల అడవిలోని సలేశ్వరం జాతరకు వెళ్ళాను, అక్కడి శివుణ్ణి లింగమయ్య అంటారు. మా ఆవిడ అప్పటికి హైదరాబాద్‌లో ఆసుపత్రి మంచం మీదే ఉంది. వెంటిలేటర్ తీసేశారు కానీ గొంతులో ట్యూబ్ ఇంకా ఉంది, కాళ్ళు కదలవు. భార్య అట్లా ఉంటే వదిలేసి జాతరకు ఎట్లా పోయినవ్ అని తర్వాత అడిగినవాళ్ళు ఉన్నారు. పొమ్మన్నది ఆమే. మాట రాదు కాబట్టి పెదాలతో "లింగమయ్య" అని, నేను అర్థం కానట్టు నిలబడితే కళ్ళతో తలుపు వైపు చూపించింది. వాళ్ళమ్మ ఆమె దగ్గర తాను కూర్చుంటానంది, మా బామ్మర్ది బండి తీశాడు.

ఆమెకు వచ్చింది గులియన్ బారే సిండ్రోమ్, జీబీఎస్ అంటారు. ఆ జనవరిలో పుణెలో కేసులు పెరిగాయని టీవీలో చూసి చానల్ మార్చేసిన జబ్బే. ముందు విరేచనాలు అయ్యాయి, తగ్గాయి, అంతటితో పోయిందనుకున్నాం. తర్వాత అరికాళ్ళలో తిమ్మిర్లు, ఆ వెంటనే మెట్లు ఎక్కలేకపోవడం, ఇంకో రెండు రోజులకు చెంబు కూడా పట్టుకోలేకపోయింది. రోగం మీద కొట్లాడాల్సిన శక్తే పొరబడి నరాల మీద దాడి చేస్తుందట, కాళ్ళ నుంచి మొదలై పైకి పాకుతుందట. ఛాతీ దాకా వచ్చేసరికి సొంతంగా ఊపిరి తీసుకోలేకపోయింది. ఇందులో నాకు అన్నిటికంటే భరించలేనిదనిపించింది ఏంటంటే, మనిషికి తెలివి పూర్తిగా ఉంటుంది. కదల్లేదు, మాట్లాడలేదు, కానీ చుట్టూ ఎవరేమన్నా అన్నీ వినబడతాయి.

ఐసీయూ బయట కుర్చీలో కూర్చుంటే నాకు దేవుడి పేరు నోటికి వచ్చేది కాదు. చిన్నప్పటి నుంచి శనివారాలు, ఏకాదశులు చేసిన ఇంట్లో పుట్టినవాణ్ణి, అయినా ఆ రోజుల్లో కళ్ళు మూసుకుంటే లోపల టెన్షన్ తప్ప ఏమీ ఉండేది కాదు. నా బదులు మిగతావాళ్ళు ఆ పని చేశారు. అత్తమ్మ సలేశ్వరం లింగమయ్యకు మొక్కింది. అది రంజాన్ నెల, మా వీధిలో బట్టలు కుట్టే ముస్లిం అక్క రోజా విడిచేముందు ఆమె పేరు తలుచుకుని దువా చేసి, ఆ దువాను వాయిస్ మెసేజ్‌గా పంపేది. మా ఆవిడతో బడిలో పనిచేసే టీచరమ్మ వాళ్ళ చర్చిలో అందరితో ప్రార్థన చేయించింది, అదీ రికార్డు చేసి పంపింది. విజిటింగ్ టైంలో సిస్టర్‌ని బతిమాలి, ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టి అన్నీ వినిపించేవాణ్ణి. వింటోందో లేదో ముఖంలో తెలిసేది కాదు. మాట వచ్చాక ఆమె చెప్పింది: పగలో రాత్రో తెలియని ఆ గదిలో, అక్క గొంతు వినబడితే సాయంత్రం కావస్తోందని అర్థమయ్యేదట, దాని కోసమే ఎదురుచూసేదట.

ఒక విషయం మాత్రం చెప్పాలి. ఆమెకు ఎక్కించిన మందు పేరు ఇమ్యునోగ్లోబులిన్. అది ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపి తయారుచేసేది కాదు, వేల మంది ఇచ్చిన ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, కలిపి అందులోంచి తీస్తారని డాక్టర్ చెప్పాడు. ఆ చిన్న సీసాలు చూస్తూ నేను ఐసీయూ బయట ఏడ్చింది ఆ ఒక్కరోజే. ఎక్కడివాళ్ళో, ఏ కులమో, ఏ దేశమో, వాళ్ళకు మేమెవరమో తెలియదు. మందు మీద నమ్మకం వేరు, మొక్కు మీద నమ్మకం వేరు అంటారు గానీ నాకు ఆ రోజు నుంచి రెండూ విడిగా కనబడలేదు.

సలేశ్వరం ఎప్పుడు పడితే అప్పుడు పోయే చోటు కాదు. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉంటుంది, చైత్ర పౌర్ణమి ముందూ వెనకా కొన్ని రోజులే లోపలికి వదులుతారు. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక ఫర్హాబాద్ దగ్గర లోపలికి తిరగాలి. అక్కడ అటవీశాఖ వాళ్ళు ప్లాస్టిక్ ఉందేమోనని సంచులు వెతుకుతారు, వెతకాలి కూడా. ఆ మట్టిరోడ్డు మీద నడుము విరిగేలా పోయి రాంపూర్ పెంట అనే చెంచుల గూడెం దగ్గర బండి ఆపితే అక్కడి నుంచి నడకే. ఎండ మండుతోంది, దారి పక్కన ఇప్పపూలు రాలి ఉన్నాయి, వేల మంది జనం. లోయలోకి దిగే చోట ఒక పక్క బండ, ఒక పక్క అగాధం, మధ్యలో ఒకరి వెనక ఒకరే పోవాలి. ఎదురొచ్చేవాళ్ళు బండకు అతుక్కుని నిలబడి, ముక్కూ మొహం తెలియని మనకు చెయ్యి అందిస్తారు. దిగేవాళ్ళు "వస్తున్నం లింగమయ్యా" అని అరుస్తుంటే, ఎక్కేవాళ్ళు "పోయొస్తం లింగమయ్యా" అంటుంటారు.

నాకు గొంతు పెగల్లేదు. నా ముందు నడుస్తున్న అవ్వ, వనపర్తి దిక్కు మనిషి, కట్టె పట్టుకుని ఒక్కో రాయీ చూసుకుంటూ దిగుతోంది, నా మౌనం ఆమెకు ఎట్లా తెలిసిందో వెనక్కి తిరిగి "ఏం బిడ్డా, పలుకుతలేవు?" అంది. ఎవరికీ చెప్పుకోని మనిషిని, ఆ ఇరుకు దారిలో మొత్తం చెప్పేశాను. "పేరేంది బిడ్డా పిల్లది?" అంది. చెప్పాను. ఆమె మనవడికి కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్ చేయిస్తున్నారు. "నా మనుమని పేరు నువ్వు పట్టుకో, నీ పెండ్లాం పేరు నేను పట్టుకుంట, ఎవలది వాళ్ళు మొక్కితే గుండె వణుకుతది" అని, నేను సరే అనేలోపే మా ఆవిడ పేరు పెట్టి "వస్తున్నది లింగమయ్యా!" అని గట్టిగా అరిచింది. వెనకున్న వాళ్ళ ఊరోళ్ళంతా అందుకున్నారు. ఆసుపత్రిలో కాళ్ళు కదలని మనిషి పేరు ఆ లోయంతా వినబడింది. నేనూ అరిచాను, ఆ పిల్లవాడి పేరు, గొంతు బొంగురు పోయేదాకా.

కింద పైనుంచి నీళ్ళు పడే గుండంలో స్నానం చేసి, గుహలో దర్శనానికి లైన్‌లో నిలబడ్డాం. అక్కడ పూజారులు చెంచులే. గోత్రం అడగలేదు, పేరు మాత్రం అడిగి లింగమయ్య ముందు చెప్పి, ఇంత విభూతి చేతిలో పెట్టాడు. ఆ విభూతిలో సగం అవ్వకిచ్చాను. పైకి ఎక్కేటప్పుడు దమ్ము ఆగలేదు గానీ మనసు తేలికైంది. రెండు నెలల తర్వాత మొదటిసారి ఆ రాత్రి బండిలో నిద్రపోయాను.

ఆమె వెంటనే లేచి నడిచిందని చెప్పను. ఆసుపత్రి నుంచి వచ్చాక వీల్‌చైర్, తర్వాత వాకర్, రోజూ ఫిజియోథెరపీ, కొన్ని రోజులు చిరాకుతో ఆపేయడం, మళ్ళీ మొదలుపెట్టడం. ఈ జబ్బులో చాలామంది కోలుకుంటారు, కానీ నెలలు పడుతుంది, ఓపిక కావాలి. ఇప్పుడు ఇంట్లో పట్టుకోకుండా నడుస్తోంది, చేతి వేళ్ళకు మాత్రం పట్టు పూర్తిగా రాలేదు. అవ్వ మనవడికి ఇంకా డయాలసిస్ నడుస్తోంది, వాళ్ళమ్మ కిడ్నీ ఇవ్వడానికి పరీక్షలు చేయించుకుంటోంది. మేం ఫోన్ చేస్తే ముందు అవ్వే ఎత్తుతుంది.

మళ్ళీ చైత్ర పౌర్ణమి వస్తోంది. ఆ లోయ దిగడం మా ఆవిడ వల్ల కాదు, అత్తమ్మతో మన్ననూరులో ఉంటుంది, నేనూ బామ్మర్దీ దిగుతాం. ఐసీయూలో పక్క బెడ్‌లో ఉన్న పెద్దాయన పేరు, టీచరమ్మ వాళ్ళ నాన్న పేరు ఇప్పటికే నా దగ్గర ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే పేరు చెప్పండి, పట్టుకుపోతాను. గోత్రం అక్కర్లేదు.