లైట్లు వేస్తే లాగని కారు

కళింగపట్నంలో ఉండే మా మేనమామ వయసు మీదపడి నడపడం మానేశాక, ఆయన వాడిన 2004 నాటి చిన్న పెట్రోలు కారును నేను విజయనగరం తెచ్చుకున్నాను. మూడు సిలిండర్ల ఇంజను, కార్బురేటర్ కాకుండా ఇంజెక్టర్లతో నడిచే రకం. తిరిగిన దూరం తక్కువే గాని, సముద్రానికి కూతవేటు దూరంలో రేకుల షెడ్డు కింద ఏళ్ల తరబడి నిలిచిన బండి. ఈ చివరి సంగతికి నేను మొదట్లో ఇవ్వవలసినంత విలువ ఇవ్వలేదు.

ఊళ్లో తిరిగినంత కాలం దానికి ఏ లోటూ కనిపించలేదు. పొద్దున్నే ఒక్క సెల్ఫుకే అందుకునేది, ఐడిలింగ్ నిలకడగా ఉండేది. గజపతినగరం దాటి లారీని ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, రెండు మూడు కుదుపులిచ్చి, ముక్కుతూ వెళ్లేది. కాలు సగం వెనక్కు తీస్తే తిరిగి సాఫీగా నడిచేది. రాత్రిపూట ఈ బాధ ఇంకొంచెం ఎక్కువని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. చీకట్లో భయం కొద్దీ అలా అనిపిస్తుందని నేను కొట్టిపారేశాను. ఈ కథలో నేను సిగ్గుపడవలసిన భాగం అదే.

ఆ తర్వాత అందరూ చేసే పనే నేనూ చేశాను. ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు ఫిల్టర్ వరుసగా మార్పించి, ఇంజనులోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ కడిగించాను. ప్రతిసారీ రెండు రోజులు బాగుపడినట్టే అనిపించేది, మూడో రోజుకు మళ్లీ పాత కథే. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్లే ఇదంతా అని ఒక గ్యారేజీలో తేల్చేశారు. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ శక్తి ఉంటుందన్నదీ, అది పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టర్‌కు చేర్చగలదన్నదీ నిజమే. అయితే ఫిల్టర్ కొత్తది. పెట్రోలులో శక్తి తగ్గితే బండి అన్ని వేళలా కొంచెం నీరసంగా ఉండాలి గాని, గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే ఇలా కుదుపులు ఇవ్వకూడదు.

అక్కడితో వస్తువులు మార్చడం ఆపి, కొలవడం మొదలుపెట్టాను. తెలిసిన మెకానిక్ చేత ప్లగ్గులన్నీ తీయించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందన్నది) చూపించాను. మూడు సిలిండర్లూ చదరపు సెంటీమీటరుకు 12 కిలోలకు అటూ ఇటూ ఉండి, వాటి మధ్య తేడా ఒక కిలో లోపే రావడంతో ఇంజను ఒంట్లో బలం ఉందని తేలింది. ఇంజనులోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డుకు వ్యాక్యూమ్ గేజి తగిలించి 2,500 ఆర్‌పీఎం దగ్గర కాసేపు ఉంచితే ముల్లు కదలలేదు. సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పూడిపోయి ఉంటే ముల్లు మెల్లగా దిగజారేది. థ్రాటిల్ సెన్సర్ వోల్టేజీ కూడా పెడల్‌తో పాటు ఎక్కడా తడబడకుండా పెరిగింది. మిగిలింది పెట్రోలు ప్రెషర్, అంటే ట్యాంకులోని పంపు పెట్రోలును ఇంజెక్టర్లకు ఎంత బలంగా నెడుతోందన్నది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గ్యారేజీలో నిలబెట్టి చూస్తే ప్రెషర్ బాగానే ఉంది, 2.5 కిలోలు. ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్‌కు వెళ్లే వ్యాక్యూమ్ పైపు ఊడదీస్తే (పెడల్ పూర్తిగా తొక్కినట్టు లెక్క) ఎక్కవలసినట్టే 2.9కి ఎక్కింది. కాని ఐడిలింగ్‌లో ఇంజను తాగేది ఎంత? పంపు పంపిన పెట్రోలులో ఎక్కువ భాగం రిటర్న్ పైపు గుండా తిరిగి ట్యాంకులోకే పోతుంది కనుక, సత్తువ సగం పోయిన పంపు కూడా అక్కడ పరీక్ష నెగ్గేస్తుంది. అందువల్ల పొడవాటి పైపున్న గేజిని బానెట్ సందు గుండా బయటకు తీసి, అద్దానికి బయటివైపు వైపర్ కింద కట్టి, సాలూరు ఘాట్‌కు బయలుదేరాము. నడిపింది మెకానిక్, ముల్లును చూసింది నేను. పెట్రోలు ఉన్న గేజిని ఏ పరిస్థితిలోనూ కారు లోపలికి తీసుకురాకూడదు. పైపు క్లిప్పులను రెండుసార్లు సరిచూసుకుని, అగ్నిమాపక సిలిండర్‌ను కాళ్ల దగ్గర పెట్టుకున్నాము.

సుంకి వైపు మలుపులు మొదలై, మూడో గేరులో పెడల్ పూర్తిగా తొక్కగానే, 2.9కి ఎక్కవలసిన ముల్లు ముందు 2.4కు, తర్వాత 1.9కి జారింది. సరిగ్గా అక్కడే బండి కుదుపులు మొదలుపెట్టింది. పంపు పోయిందని ఇద్దరమూ ఒకేసారి అనుకున్నాము. కొత్త పంపుకు అయ్యే వేల రూపాయలు లెక్కవేసుకుంటూ, టీ కోసం సాలూరులో ఆగాము. (జిల్లాల విభజనలో సాలూరు పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గాని, మా నోటికి అది ఇంకా విజయనగరం సాలూరే.) లారీలకు పేరుపడిన ఆ ఊరిలో ఆటో ఎలక్ట్రీషియన్లకు కొదవ లేదు. టీ కొట్టు పక్కనే లారీ కింద పడుకుని పని చేస్తున్న ఒక పెద్దాయన మా గోడు విని, రాత్రి ఎక్కువవుతోందా అని అడిగారు. అవునన్నాను. "అయితే పంపు జోలికి ఎల్లకండి బాబూ. ముందు ఎర్తు సూడండి" అన్నారు.

ఎర్త్ అంటే కరెంటు బండి రేకు గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. వెనుక సీటు ఎత్తి, ఇంజను నడుస్తుండగా పంపు కనెక్టర్ దగ్గర మల్టీమీటరు పెట్టాము. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు ఉంటే, పంపుకు అందుతున్నది 10.6 మాత్రమే. లైట్లు వేయించగానే అది 10కి పడిపోయింది. పోతున్న వోల్టులు ఎటు పోతున్నాయో చూడడానికి, మీటరు ఒక కొసను పంపు ఎర్త్ వైరుకు, రెండో కొసను బ్యాటరీ నెగటివ్‌కు ఆనించాము. ఎర్త్ శుభ్రంగా ఉంటే అక్కడ 0.2 వోల్టుకు మించి కనిపించకూడదు. మాకు 2.7 వచ్చింది, లైట్లు వేస్తే 3.3. డిక్కీ మూలలో కార్పెట్ కింద పంపుకూ వెనుక లైట్లకూ కలిపి ఒకే ఎర్త్ బోల్టు ఉంది. దాని చుట్టూ రేకు తుప్పుతో పొక్కి, వైరు కొసన పచ్చని చిలుము పట్టి ఉంది. లైట్లు వేసినప్పుడల్లా వాటి కరెంటు కూడా ఆ ఇరుకు సందు గుండానే వెళ్లాలి. పంపుకు మిగిలేది మరింత తగ్గేది. ఉప్పుగాలి చేసిన పని అది.

రేకును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, వైరుకు కొత్త రింగు టెర్మినల్ వేసి, బోల్టు బిగించి, పైన వాజిలిన్ పూశారు. ఆయన అడిగింది రెండు వందలు. వెంటనే మళ్లీ ఘాట్ ఎక్కితే ముల్లు 2.9 దగ్గర నిలబడింది. చీకటి పడ్డాక లైట్లు వేసుకుని దిగి, మళ్లీ కొంత దూరం ఎక్కి చూశాము. తేడా లేదు.

ఇంటికి వచ్చి మావయ్యకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "ఎనక లైట్లు ఎప్పుడూ గుడ్డిగానే ఎలిగేవిరా. బల్బులు రెండుసార్లు మార్పించాను కూడా" అన్నారు.