డ్రెయిన్ ఉంచాలా, తీయాలా: నీట్ ఎస్ఎస్‌కి పాంక్రియాస్ నేను చదివిన తీరు

నీట్ ఎస్ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) సర్జికల్ గ్రూప్ రాయబోతున్న మిత్రులకు,

మొదటిసారి రాసినప్పుడు నాకు సర్జికల్ గ్యాస్ట్రో సీటు రాలేదు, రెండోసారి వచ్చింది. ఆ మధ్య ఏడాదిలో నా చదువు ఎలా మారిందో చెప్పాలంటే పాంక్రియాస్ ఆపరేషన్ తర్వాత పెట్టే డ్రెయిన్ (లోపల చేరే ద్రవాన్ని బయటికి తీసే ట్యూబ్) దగ్గర మొదలుపెట్టాలి.

విప్పుల్స్ (పాంక్రియాస్ తల భాగాన్ని తీసే ఆపరేషన్) తర్వాత అందరికీ డ్రెయిన్ పెట్టాలా? ఒక గ్రాండ్ టెస్టులో అవునని పెట్టాను, తప్పు. ఇంకో టెస్టులో కాదని పెట్టాను, అదీ తప్పే. కీ (వాళ్లిచ్చిన జవాబు) తప్పేమో అని చాలా వెతికాను. రెండు కీలూ వేర్వేరు ట్రయల్స్ నుంచి వచ్చాయి.

2001లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వాళ్లు 179 మంది మీద చేసిన ట్రయల్‌లో డ్రెయిన్ వల్ల లాభం కనబడలేదు. పైగా లోపల చీము, ద్రవం చేరడం, ఫిస్టులా (పాంక్రియాస్ రసం లీకవడం) డ్రెయిన్ పెట్టినవాళ్లలోనే ఎక్కువ. 2014లో అమెరికాలోనే పలు ఆసుపత్రులు కలిసి చేసిన ట్రయల్‌ని 137 మంది దగ్గరే ఆపేయాల్సి వచ్చింది. డ్రెయిన్ పెట్టినవాళ్లలో మరణాలు 3 శాతం, పెట్టనివాళ్లలో 12 శాతం. 2016లో జర్మనీ ట్రయల్ (పాండ్రా, 395 మంది) మళ్లీ డ్రెయిన్ లేకపోయినా పర్వాలేదంది. వీటిని సంవత్సరాలతో సహా బట్టీ పట్టాను. అయినా కేసు రూపంలో ప్రశ్న వస్తే చేయి ఆగిపోయేది.

ముడి విడిపోయింది ఫిస్టులా రిస్క్ స్కోర్ చదివాకే. గ్రంథి మెత్తగా ఉందా, పాథాలజీ ఏంటి, డక్ట్ (పాంక్రియాస్ రసం వచ్చే నాళం) ఎన్ని మిల్లీమీటర్లు, రక్తం ఎంత పోయింది: ఈ నాలుగూ కలిపి 10 పాయింట్లు. 2014 ట్రయల్ రోగులనే ఈ స్కోరుతో విడదీసి చూస్తే, రిస్క్ తక్కువున్నవాళ్లకి డ్రెయిన్ అవసరం కనబడలేదు, మధ్యస్థంగా గానీ ఎక్కువగా గానీ ఉన్నవాళ్లకి మేలు చేసింది. అంటే ప్రశ్నలో 'గట్టి గ్రంథి, 6 మిల్లీమీటర్ల డక్ట్' (రిస్క్ తక్కువ వైపు) అని ఇస్తే ఒక జవాబు, 'మెత్తని గ్రంథి, 2 మిల్లీమీటర్ల డక్ట్' (రిస్క్ ఎక్కువ వైపు) అని ఇస్తే ఇంకో జవాబు. స్టెమ్‌లో (ప్రశ్నలోని కేసు వివరణలో) ఆ రెండు మాటలూ ఎందుకు ఇచ్చాడో నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఇక డ్రెయిన్ ద్రవంలో అమైలేజ్ (పాంక్రియాస్ రసంలోని ఎంజైమ్) అంకెల గొడవ. 5,000 గుర్తుంది, మూడు రెట్లు గుర్తుంది, ఏది ఏ రోజుదో కలిసిపోయేది. అది పుస్తకంతో కాదు, వార్డులో కుదిరింది. ఒక పెద్దావిడకి విప్పుల్స్ అయి మూడో రోజు. డ్రెయిన్‌లో నీళ్లు తేటగా ఉన్నాయి, నేను సంతోషంగా కేస్ షీట్‌లో 'క్లియర్' అని రాశాను. రౌండ్స్‌లో మా సర్ బ్యాగు పైకెత్తి చూసి, "ఏమ్మా, అమైలేజ్ పంపావా? పాంక్రియాటిక్ జ్యూస్ కూడా తేటగానే ఉంటుంది కదా" అన్నారు. పంపలేదు. అప్పుడు పంపితే నాలుగు వేలు దాటింది. సీరం నార్మల్ పై హద్దుకి మూడు రెట్లు ఎప్పుడో దాటిపోయిందన్నమాట.

కానీ ఆవిడకి జ్వరం లేదు, తింటున్నారు, ట్రీట్‌మెంట్‌లో మేం ఏమీ మార్చలేదు. 2005 నిర్వచనం ప్రకారం ఇది గ్రేడ్ ఎ ఫిస్టులా. 2016లో ఆ గ్రేడ్ తీసేసి 'బయోకెమికల్ లీక్' అన్నారు, ఇది ఫిస్టులా కిందకి రాదు. అదే డ్రెయిన్ మూడు వారాలు దాటి ఉంచాల్సి వస్తే గ్రేడ్ బి. రీ-ఆపరేషన్ గానీ, ఆర్గాన్ ఫెయిల్యూర్ గానీ, మరణం గానీ అయితే సి. ఆవిడని డ్రెయిన్‌తోనే ఇంటికి పంపాం. వాళ్ల అమ్మాయి ఏ రోజు ఎన్ని ఎంఎల్ వచ్చిందో స్కూల్ నోట్‌బుక్‌లో వరసగా రాసి 18వ రోజు ఓపీకి తెచ్చింది. ట్యూబ్ తీసేశాను. 21 దాటలేదని వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం నాకు ఇప్పటికీ గుర్తు. ఆ తర్వాత గ్రేడింగ్ నేను మళ్లీ చదవాల్సిన అవసరం రాలేదు.

మూడు రెట్లు అనేది మూడో రోజు గానీ ఆ తర్వాత గానీ లీక్ ఉందని చెప్పడానికి. 5,000 అనేది మొదటి రోజుది, త్వరగా తీయొచ్చా అని తేల్చడానికి. ఇటలీలో వెరోనా వాళ్లు 2010లో, మొదటి రోజు అమైలేజ్ 5,000 లోపు ఉన్న 114 మందిని తీసుకుని, సగం మందికి మూడో రోజే డ్రెయిన్ తీసేశారు, మిగతావాళ్లకి ఐదో రోజు దాకానో ఇంకా ఎక్కువో ఉంచారు. త్వరగా తీసినవాళ్లలో ఫిస్టులా 1.8 శాతం, ఉంచినవాళ్లలో 26 శాతం. ట్యూబ్ ఎక్కువ రోజులుంటే బయటి క్రిములు దాని వెంటే లోపలికి పోతాయన్నది దీనికి చెప్పే కారణాల్లో ఒకటి.

డ్యూటీల మధ్య ఇంత చదివే టైమ్ ఎక్కడిదని టెన్షన్ పడకండి. నేను రోజుకి ఒక్క ప్రశ్న తీసుకుని, 'ఏ రోగి, ఏ రోజు, ఏ అంకె, తర్వాత ఏం చేస్తాను' అని సగం పేజీ తెలుగులోనే రాసుకునేదాన్ని. డ్యూటీ రూమ్‌లో ముప్పై నిమిషాలు చాలు.

ఒక్క జాగ్రత్త. ఇదంతా ముఖ్యంగా విప్పుల్స్‌కి, 2001, 2010 ట్రయల్స్‌లో మాత్రం డిస్టల్ కేసులూ ఉన్నాయి. డిస్టల్ పాంక్రియాటెక్టమీకి (పాంక్రియాస్ తోక వైపు భాగాన్ని తీసే ఆపరేషన్) 2017లో 344 మందిపై చేసిన ట్రయల్‌లో డ్రెయిన్ పెట్టినా పెట్టకపోయినా పెద్ద తేడా రాలేదు, 2024లో నెదర్లాండ్స్, ఇటలీ కలిసి చేసిన పాండోరినా ట్రయల్‌లో డ్రెయిన్ పెట్టకపోవడం ఏమాత్రం తీసిపోలేదు. కాబట్టి స్టెమ్‌లో ముందు ఆపరేషన్ పేరు చూడండి, తర్వాతే డక్ట్ సైజు.