రాయగడలో క్రెడిట్ కార్డు మూయించుకున్నాను: నా అనుభవం

కార్డు క్లోజ్ చేశామని నిన్న బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది. ఒడిశాలో రాయగడ, గునుపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్లు ఎవరైనా ఇదే పని మీద తిరుగుతుంటే పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

నేను బట్టల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను, మా ఆయన ఆటో నడుపుతారు. ఇద్దరిదీ కలిపి నెలకి 34 వేలు. జీతం ఖాతా తెరవడానికి వెళ్లినప్పుడు బ్యాంకులోనే కార్డు ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు. లిమిట్ 40 వేలు అన్నారు. తర్వాత నన్ను అడక్కుండానే లక్షా ఇరవై వేలు చేశారు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం మనం ఒప్పుకోనిదే లిమిట్ పెంచకూడదు. విశాఖలో మా అత్తగారి తుంటి ఆపరేషన్‌కి తక్కువపడిన డబ్బు ఈ కార్డు మీదే కట్టాం. అప్పటికి అది ఆదుకుంది, కాదనను.

బాకీ 60 వేల దగ్గర నిలిచింది. నెలకి మూడున్నర శాతం, అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. మా వీధిలో చేబదులిచ్చేవాళ్లు కూడా అంత అడగరు. వడ్డీ ₹2,100, దాని మీద 18 శాతం జీఎస్టీ ₹378. మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సిన ₹3,000 కడితే అసలులో తగ్గేది ₹522. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ కొన్న రోజు నుంచే వడ్డీ.

2023-24 కేంద్ర గృహ వినియోగ సర్వేలో పట్టణాల్లో మనిషికి నెలసరి సగటు ఖర్చు ₹6,996 అని తేలింది. మా ఇంట్లో ఐదుగురం. లెక్కేస్తే 35 వేలకి దగ్గర. అంటే అద్దె, బియ్యం, పిల్లల ఫీజులకే మా రాబడి సరి. కార్డు బాకీకి చోటెక్కడ? అలాంటి ఇంటికి మూడున్నర నెలల రాబడంత లిమిట్ ఇచ్చి పెట్టారు. కార్డున్న ప్రతి ఇల్లూ నెలనెలా లిమిట్ ఎంత మిగిలిందని కాదు, బిల్లు రాబడిలో ఎన్నో వంతని చూసుకోవాలి. మా ఇంట్లో ఒక నెల చూస్తే బిల్లు రాబడినే దాటిపోయింది. అదే నెల నా గాజులు పెట్టి బంగారం లోను తీసుకున్నాను, రూపాయి లోపు వడ్డీకి. గడువుకి ముందే బిల్లు మొత్తం కట్టేశాను.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే క్లోజ్ అన్న మాటే విననివ్వరు. ఏడాది ఫీజు తీసేస్తాం, పాయింట్లు వేస్తాం, ఈఎంఐలు చేస్తాం అంటారు. చివరికి బ్రాంచికి వెళ్లమన్నారు.

బ్రాంచిలో జరిగింది మాత్రం నేను మర్చిపోలేను. హాలు నిండా జనం. కౌంటర్‌లో అధికారి స్క్రీన్ చూస్తూ ఒడియాలో గట్టిగా అడిగారు, “మీ జీతమెంత?” పదిహేను వేలన్నాను. “పదిహేను వేలకి ఇంత బాకీయా? వాడుకునేటప్పుడు తెలియలేదామ్మా?” అని ఏ నెల ఎంత బాకీ ఉందో పైకి చదివారు. బాకీ తీరిపోయింది, మూయించడానికే వచ్చానని చెప్తున్నా ఆగలేదు. నా వెనకే మా షావుకారు తమ్ముడు డిపాజిట్ చీటీ పట్టుకుని నిలబడి ఉన్నారు.

మర్నాటికి షాపంతా తెలిసింది. షావుకారు పిలిచి, “డబ్బు కావాలంటే నన్ను అడగొచ్చు కదమ్మా” అన్నారు. మంచిగానే అన్నారు. కానీ ఆ సాయంత్రం నుంచి నేను కట్టిన గల్లా లెక్క ఇంకొకరు మళ్లీ ఎంచుతున్నారు. ఇన్నేళ్లలో ఆ గల్లాలో రూపాయి తేడా రాలేదు, జీఎస్టీ రిటర్నులు ఒక్కసారి కూడా గడువు దాటలేదు. కార్డు అంటగట్టినప్పుడు ఇదే బ్రాంచిలో ఎవరూ నా జీతానికి ఇది ఎక్కువని అనలేదు. కట్టేసినవాళ్లని నలుగురిలో నిలదీసే హక్కు వీళ్లకి ఎవరిచ్చారు? ఖాతాదారు లెక్క గుట్టుగా ఉంచడం బ్యాంకు బాధ్యత.

ఇంత చేసీ ఆయన చెప్పింది, కార్డు పని ఇక్కడ జరగదు, ఫోన్ చేసుకోండి అని.

తర్వాతి నెల ₹1,466 బిల్లొచ్చింది. మొత్తం కట్టాక ఇదేమిటని నాకు ఎంతకీ అర్థం కాలేదు. స్టేట్‌మెంట్ తయారైన రోజు నుంచి నేను కట్టిన రోజు దాకా పడిన వడ్డీ, జీఎస్టీ అట. ఇది ముందు ఎవరూ చెప్పరు. ఇది బాకీ ఉందంటూ క్లోజ్ చేయలేదు. కాబట్టి మీరు బిల్లు చూసి కట్టి ఊరుకోకండి. “ఈ రోజుకి మొత్తం తీర్చాలంటే ఎంత?” అని తేదీతో సహా రాతలో అడగండి. ఆ మొత్తం కట్టి అదే రోజు క్లోజ్ చేయమని మెయిల్ పెట్టండి. ఆటోపేలు, అంటే కార్డు నుంచి వాటంతటవే పోయే చెల్లింపులు, ఏవైనా ఉంటే అంతకుముందే తీసేయండి.

ఫోన్లు వద్దు, బ్రాంచి అసలే వద్దు. మెయిల్‌లో నేను రాసింది ఇదే: రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం బాకీ లేని కార్డుని అడిగిన 7 పనిదినాల్లో మూయాలి, దాటితే రోజుకి ₹500 చొప్పున నాకు కట్టాలి. ఉత్తరం పోస్టులోనే పంపమని పట్టుబట్టకూడదు కూడా. అప్పటిదాకా పాయింట్ల గురించి చెప్పినవాళ్లు గడువు దాటకుండా మూసేశారు.

బ్రాంచి అధికారి మీద బ్యాంకుకి విడిగా ఫిర్యాదు రాశాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. రుసుము లేదు, 14448కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. నేను వెళ్తాను. మా ఆయన వదిలేయమంటున్నారు, వదలను.

మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థ సిబిల్. దాని పూర్తి రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. కార్డు మూసినట్టు అందులో ఎక్కిందో లేదో వచ్చే నెల చూస్తాను. ఎక్కకపోతే మళ్లీ మెయిలే.