ఉక్కపోతను కొలిచే వెబ్ పేజీ

మధ్యాహ్నం 40 డిగ్రీలు, గాలిలో తేమ 40 శాతం. పొద్దువాలాక 34 డిగ్రీలు, తేమ 75 శాతం. థర్మామీటర్‌ని నమ్మితే సాయంత్రం హాయిగా ఉండాలి. రోహిణీ కార్తెలో బెజవాడలో ఉన్నవాళ్లెవరూ ఆ మాట ఒప్పుకోరు. చొక్కా ఒంటికి అంటుకుపోతుంది, ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆరదు. ఈ తేడాని ఒక్క అంకెలో పట్టేది వెట్ బల్బ్ టెంపరేచర్. బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే థర్మామీటర్ ఎంతవరకు దిగుతుందో అదే ఆ అంకె. మొదటి లెక్కలో అది సుమారు 28.6, రెండోదాంట్లో 30.2. చెమట ఆరడానికి సాయంత్రమే కష్టమన్నమాట. ఎండలో తిరిగేవాళ్లకి మధ్యాహ్నమే ప్రమాదం, ఆ సంగతి వేరు. ఇక్కడ చెప్పేది నీడపట్టున, ఇంట్లో ఉన్నవాళ్ల గురించి.

పడమటి నుంచి వడగాలి కొడితే గాలి పొడిగా ఉంటుంది. బందరు వైపు నుంచి సముద్రపు గాలి తిరిగితే తేమ పెరుగుతుంది. ఫోన్‌లో కనబడే ఉష్ణోగ్రత ఊరంతటికీ వేసిన అంచనా. గన్నవరం విమానాశ్రయం దగ్గర కొలిచింది గన్నవరానికి సరిపోతుంది. పగలంతా కాగిన శ్లాబు కింద, పై అంతస్తు గదిలో రాత్రి పదింటికి ఎంత ఉందో మాత్రం మనమే కొలుచుకోవాలి. వెబ్ సీరియల్ వచ్చాక ఈ పని చాలా తేలికైంది. 2021లో క్రోమ్ 89తో వచ్చిన ఈ సదుపాయంతో యూఎస్‌బీకి తగిలించిన బోర్డును వెబ్ పేజీయే నేరుగా చదువుతుంది. యాప్ అక్కర్లేదు, క్లౌడ్ ఖాతా అక్కర్లేదు, ఇంట్లో ఇంటర్నెట్ పోయినా రీడింగులు ఆగవు.

కావలసినవి ఒక ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం ఎక్కించి వాడే చిన్న కంప్యూటర్ లాంటిది), తేమ సెన్సార్, నాలుగు జంపర్ వైర్లు, డేటా పోయే యూఎస్‌బీ కేబుల్. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఇళ్లలో బోలెడుంటాయి. బోర్డు మీద లైటు వెలిగినా కంప్యూటర్‌లో పోర్టు కనబడకపోతే ముందు కేబుల్ మార్చండి, ఆ తర్వాత బోర్డు మీది యూఎస్‌బీ చిప్‌కి కావలసిన సీహెచ్340 లేదా సీపీ2102 డ్రైవర్ సంగతి చూడండి.

సెన్సార్ దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. డీహెచ్‌టీ11 చవకే కానీ ఉష్ణోగ్రతలో 2 డిగ్రీలు, తేమలో 5 శాతం అటూ ఇటూ ఉంటుంది. పైన చెప్పిన మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య ఉన్న తేడాయే 1.6 డిగ్రీలు. ఆ సెన్సార్ దోషంలోనే అది మునిగిపోతుంది. ఎస్‌హెచ్‌టీ31 తీసుకోండి, తేమ 2 శాతం లోపు తేడాతో చెబుతుంది. బీఎంఈ280 కూడా పనికొస్తుంది, కాకపోతే ఆ పేరుతో బీఎంపీ280 అంటగట్టడం మామూలే. దాంట్లో తేమ కొలిచే భాగమే ఉండదు. చిప్ చతురస్రంగా ఉంటే బీఎంఈ, కాస్త పొడుగ్గా ఉంటే బీఎంపీ. అనుమానం తీరకపోతే చిప్ ఐడీ, అంటే చిప్‌లోనే ఉండే గుర్తింపు సంఖ్య, ప్రోగ్రాంతో చదవండి. హెక్సాలో (16 ఆధారంగా రాసే అంకెల్లో) 60 వస్తే సరైనదే, 58 వస్తే తిరిగి ఇచ్చేయండి.

కనెక్షన్లు సులువు. సెన్సార్‌కి 3.3 వోల్టులు, గ్రౌండ్ ఇచ్చి, సెన్సార్ మీది ఎస్‌డీఏ (డేటా) పిన్నుని బోర్డులో 21కి, ఎస్‌సీఎల్ (క్లాక్) పిన్నుని 22కి కలపాలి. సెన్సార్‌ని బోర్డుకి అంటించి పెడితే బోర్డు వేడిని కూడా గది వేడిగానే చూపిస్తుంది. 20, 30 సెంటీమీటర్ల వైరుతో దూరంగా వేలాడదీసి, బోర్డులోకి ఎక్కించే ప్రోగ్రాంలో వైఫై ఆపేయండి. నేల నుంచి 1.25, 2 మీటర్ల మధ్య ఎత్తులో ఉండాలి. ఎండ పడే గోడ, ఫ్రిజ్ వెనకభాగం, టీవీ పైన, ఇవేవీ కుదరవు.

పెట్టేముందు ఉప్పు పరీక్ష తప్పకుండా చేయండి. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్లతో తడిపి ముద్ద చేయండి. ఉప్పు కరిగిపోకూడదు, నీళ్లు పైకి తేలకూడదు, తడి ఇసుకలా ఉండాలి. ఆ మూతనీ సెన్సార్‌నీ ఒకదానికొకటి తగలకుండా గాలి చొరని డబ్బాలో పెట్టి, వైర్లు బయటికొచ్చే కంత చుట్టూ ఎం-సీల్ అద్దండి. ఏసీ లేని గదిలో రాత్రంతా వదిలేస్తే లోపలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. సెన్సార్ 78 చూపిస్తే ప్రతి రీడింగులోంచీ 3 తీసేయండి. ఒక్క బిందువు దగ్గర చేసిన సవరణ అంతటా వర్తించదు, నిజమే. కానీ మన ఉక్కపోత ఉండేది ఆ 75 చుట్టుపక్కలే కాబట్టి ఇంటి పనికి చాలు.

బోర్డు నిమిషానికోసారి ఒక వరస పంపాలి: ముందు ఒక గుర్తు, కామా, ఉష్ణోగ్రత, కామా, తేమ, చివర కొత్త లైను. పంపే వేగం (బాడ్ రేటు) 115200. పేజీని హెచ్‌టీటీపీఎస్ మీదనో లోకల్‌హోస్ట్‌లోనో (అంటే మన కంప్యూటర్ నుంచే) తెరవాలి. పోర్టు ఎంచుకునే పెట్టె బటన్ నొక్కితేనే వస్తుంది, పేజీ తెరవగానే దానంతటదే రాదు. క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ ఉన్న కంప్యూటర్ వాడండి.

ఎక్కువమంది ఇరుక్కునేది డేటా చదివే దగ్గర. బోర్డు పంపిన వరస బ్రౌజర్‌కి ఒకే ముక్కగా రావాలని లేదు. "34.2,7" ఒకసారి, "5.1" మరోసారి రావచ్చు. ముక్క రాగానే లెక్కలోకి తీసుకుంటే తేమ 7 శాతమని గ్రాఫ్ పాతాళానికి పడిపోతుంది. అందుకే వచ్చినదాన్నల్లా ఒకచోట కూడబెట్టి, కొత్త లైను గుర్తు కనబడ్డాకే విడదీయాలి. పోర్టు తెరిచేటప్పుడు చాలా బోర్డులు రీసెట్ అవుతాయి, అప్పుడు బూట్ సందేశాలు కూడా వచ్చి పడతాయి. మొదట్లో గుర్తు పెట్టమన్నది అందుకే, ఆ గుర్తు లేని వరసని పారేయండి. పోర్టు అసలు తెరుచుకోకపోతే బోర్డుకి ప్రోగ్రాం ఎక్కించే ఆర్డుయినోలో సీరియల్ మానిటర్ కిటికీ మూశారో లేదో చూడండి. ఒక పోర్టుని ఒకేసారి ఇద్దరు వాడలేరు.

వెట్ బల్బ్‌కి వాతావరణ శాస్త్రవేత్త రోలాండ్ స్టల్ 2011లో ఇచ్చిన సూత్రం ఉంది. ఉ అంటే ఉష్ణోగ్రత, తే అంటే తేమ శాతం:

ఉ × ఆర్క్‌టాన్(0.151977 × √(తే + 8.313659)) + ఆర్క్‌టాన్(ఉ + తే) − ఆర్క్‌టాన్(తే − 1.676331) + 0.00391838 × తే^1.5 × ఆర్క్‌టాన్(0.023101 × తే) − 4.686035

ఆర్క్‌టాన్ రేడియన్లలో ఉండాలి, జావాస్క్రిప్ట్ ఇచ్చేదీ రేడియన్లే. 20 డిగ్రీలు, 50 శాతం వేసి చూడండి, 13.7 రావాలి. రాకపోతే బ్రాకెట్ ఎక్కడో తప్పింది. సముద్ర మట్టపు గాలి పీడనానికి కట్టిన సూత్రమిది. కృష్ణ ఒడ్డున విజయవాడకి, గుంటూరుకి సవరణ లేకుండానే సరిపోతుంది.

గ్రాఫ్‌లో మామూలు ఉష్ణోగ్రత ఒక గీత, వెట్ బల్బ్ ఒక గీత గీయండి. రెండింటి మధ్య ఖాళీయే కూలర్‌కి దొరికే అవకాశం. కూలర్ ఎంత గొప్పదైనా గాలిని వెట్ బల్బ్ కన్నా కిందకి దించలేదు. దాని సామర్థ్యం 70 శాతం, అంటే ఆ ఖాళీలో 70 శాతం దించగలదు అనుకుంటే, 40 డిగ్రీలు, 40 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం 8 డిగ్రీల దాకా తగ్గిస్తుంది. 34 డిగ్రీలు, 75 శాతం ఉన్న సాయంత్రం 3 డిగ్రీలు కూడా తగ్గించలేదు. తలుపులన్నీ మూసి కూలర్ వేస్తే రెండు గీతలూ దగ్గరకొచ్చేయడం గ్రాఫ్‌లోనే కనబడుతుంది. ఎదురు కిటికీ తెరవాలి. ఖాళీ 5 డిగ్రీల లోపుకి తగ్గితే నీళ్ల పంపు ఆపేసి, కూలర్‌ని వట్టి ఫ్యానుగా తిప్పుకోవడమే మేలు.