చేలో 40 రోజులు, కాటా మీద నా బరువు

ఉద్యోగం మారే సందులో 40 రోజులు భీమవరం దగ్గర మా ఊళ్ళో ఉన్నాను. సార్వా ఊడ్పుల రోజులు. నా బరువు 88 కిలోలు. అంతకు ముందు హైదరాబాదులో బరువు తగ్గిస్తామన్న సెంటరు ఒకటి 18 వేలు తీసుకుని పొడి డబ్బాలు అంటగట్టింది. అలాంటి చోట్ల మెట్లెక్కకండి.

రోజూ పొద్దున్నే నాలుగు గంటలు గట్లు చెక్కాను, నారు కట్టలు మోశాను. చేతుల బొబ్బలు వారంలో మానాయి.

పదిహేనో రోజు రైస్ మిల్లులో కాటా ఎక్కాను. 89! గుమాస్తా అందరికీ వినపడేలా చదివి, "కష్టం చేస్తే తగ్గాలి కదండీ, మీరు పెరిగారేంటండీ?" అన్నాడు. బస్తాలు దించుతున్న హమాలీలంతా నవ్వారు. తలెత్తలేకపోయాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు, రాత్రి నిద్ర పట్టలేదు. ఒళ్ళు హూనం చేసుకుంటుంటే ఇదేం లెక్క?

మర్నాటి నుంచి తిన్నదీ, చేసిందీ నోటుబుక్కులో రాశాను. నా బరువుకి పార పని గంటకు సుమారు 400 కేలరీలు. నాలుగు గంటలకు 1600. కానీ చేలోంచి రాగానే అమ్మ వడ్డించే అన్నం రెండు పూటలా మారు మీద మారు. వండిన అన్నం వంద గ్రాములకే 130 కేలరీలు. పైన గడ్డపెరుగు, నాలుగు టీలు. మధ్యాహ్నం మూడు గంటలు మంచం మీదే. కష్టం చేశానన్న ధీమాతో కరిగినదంతా మళ్ళీ తినేశాను. పైగా కొత్తగా కష్టం చేసే ఒంట్లో కండలు కొన్నాళ్ళు నీరు పట్టి ఉంచుతాయట. ఇదంతా నాకు ఏ సెంటరూ చెప్పలేదు, నేనే రాసుకుని పట్టుకున్నాను.

మారన్నం మానేశాను, పప్పు, కూర పెంచాను. సాయంత్రం కాలవ గట్టు మీద గంట నడక. నలభయ్యో రోజుకి 85. ఒక కిలో కొవ్వు కరగాలంటే తిన్నదాని కంటే సుమారు 7,700 కేలరీలు ఎక్కువ ఖర్చవ్వాలి, కాబట్టి వారంలో పది కిలోలన్న మాట నమ్మకండి.

"కూలోళ్ళు అదృష్టవంతులు, లావవ్వరు" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. బరువైన పని చేసే 55 కిలోల ఆడమనిషికి రోజుకు 2,720 కేలరీలు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కూర్చుని పనిచేసే ఆమెకు 1,660 చాలు. మా చేలో నారు ఊడ్చే ఆమె పొద్దుటి నుంచీ నడుం వంచే ఉంటుంది. ఒకరోజు ఆమె క్యారేజీ మూత తీసినప్పుడు చూశాను: చద్దన్నం, ఒక పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ ముక్క. ఆ పూటకి అంతే.